మీకు తెలుసా? జరిపే తలుపా, మడిచే తలుపా!

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో పాత ఇంటి పక్కకు ఒక హాలు కలుపుకోవాలనుకుంటారు. పునాది లెక్క, ఇనుము లెక్క తేలగానే ఇంట్లోవాళ్లు ఫోన్ తీసి ఒక బొమ్మ చూపిస్తారు. గోడంతా అద్దం, తలుపులు మడిచి ఓ మూలకు నెట్టేస్తే ఇల్లూ వాకిలీ ఒకటైపోయే బొమ్మ. "అన్నా, గిట్లాంటిదే కావాలె" అంటే మేస్త్రి సరేనంటాడు. అయితే ఆ బొమ్మలోని ఇల్లు ఎక్కువగా చల్లటి దేశానిది. అక్కడ ఎండ లోపలికి రావాలని తలుపు పెడతారు. మన దగ్గర ఎండ రాకూడదని పెడతాం. అందుకే ఈసారి స్లైడింగ్ తలుపు, ఫోల్డింగ్ తలుపుల సంగతులు.

మీకు తెలుసా? 12 అడుగుల ఖాళీలో రెండు రెక్కల స్లైడింగ్ తలుపు పెడితే, ఎంత జరిపినా దొరికే దారి 6 అడుగులకు మించదు. ఒక రెక్క రెండో రెక్క వెనక్కి చేరుతుంది, అంతే. మూడు రెక్కలను మూడు పట్టాల మీద నడిపితే 8 అడుగులు దొరుకుతుంది. మడిచే తలుపు రెక్కలన్నీ ఒక అంచున దొంతరగా నిలబడతాయి కాబట్టి పదిన్నర అడుగుల దాకా ఖాళీ అవుతుంది. ఈ ఒక్క లెక్క చూసే చాలామంది అటు మొగ్గుతారు.

మూసి ఉన్నప్పటి లెక్క వేరు. అదే 12 అడుగులకు మడిచే తలుపుకు నాలుగైదు రెక్కలు కావాలి. రెండు రెక్కలు కలిసే ప్రతిచోటా రెండు నిలువు చట్రాలు పక్కపక్కన వస్తాయి. వాకిట్లో వేపచెట్టు ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. స్లైడింగ్‌లో నడుమ ఒక్క నిలువు గీతే. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. అప్పుడు చుట్టాలంతా దిగుతారు, హాలూ వాకిలీ కలిపి విస్తళ్లు వేయాల్సి వస్తుంది. అటువంటి రోజున మడిచే తలుపు విలువ తెలుస్తుంది. ఇంట్లో అటువంటి రోజులు ఏడాదికి ఎన్ని వస్తాయో లెక్క వేసుకున్నాకే బయానా ఇవ్వాలి.

మీకు తెలుసా? జరిపే తలుపు కొత్తదేమీ కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపేయి నగరంలో దుకాణాల గడపలకు పొడవాటి గాడి చెక్కి ఉంది. చెక్కపలకలను ఒకదాని పక్కన ఒకటి ఆ గాడిలోకి జరిపి దుకాణం మూసేవాళ్లు, చివర ఒక చిన్న తలుపు ఉంచుకునేవాళ్లు. మన పాత బజార్లలో కిరాణా, బట్టల దుకాణాలకు అంకెలు రాసిన పలకల తలుపులు చూసిన పెద్దలకు ఇది వింతగా ఉండదు. ఒకటో నంబరు పలక ముందు, రెండోది తరువాత. రోలింగ్ షట్టర్ వచ్చి వాటిని తీసేసింది.

మీకు తెలుసా? సూర్యుడు మన ఊళ్లలో ఉత్తరం వైపునుంచి కూడా కొడతాడు. భానుపురి అని పాత పేరున్న సూర్యాపేట దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. అక్కడినుంచి ఆగస్టు మొదటి వారం దాకా, దాదాపు మూడు నెలలు, మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఉత్తరం వైపు అద్దం పెడితే ఎండ సమస్యే లేదనుకునేవాళ్లు ఇది గమనించాలి. అయితే ఆ ఎండ నిట్టనిలువుగా పడుతుంది గనుక రెండడుగుల సజ్జ ఆపేస్తుంది.

సజ్జ ఆపలేనిది పడమటి ఎండ. సాయంత్రం నాలుగింటికి అది ఏటవాలుగా, సజ్జ కిందినుంచి నేరుగా లోపలికి వస్తుంది. 6 మిల్లీమీటర్ల మామూలు తెల్ల అద్దం తన మీద పడ్డ ఎండ వేడిలో అయిదింట నాలుగు వంతులు లోపలికి వదిలేస్తుంది. రెండు తెల్ల అద్దాల మధ్య గాలి ఉంచి చేసినది కూడా దాదాపు 70 శాతం వదులుతుంది. అది బయటి వేడిగాలిని ఆపుతుందే గాని సూటిగా పడే ఎండను అంతగా ఆపదు. నా మాటగా చెబుతున్నా, మే నెల ఎండలు తెలిసిన ఊళ్లో పడమటి గోడ తీసేసి అద్దం పెట్టకండి, అది జరిపేదైనా మడిచేదైనా. ఖాళీ స్థలం పడమరనే ఉంటే అటు వసారా దించి, దానికి చాపో, వెదురు తడకో కట్టి, అప్పుడు తలుపు మాట ఆలోచించండి.

మీకు తెలుసా? కూలర్ బాగా పనిచేయాలంటే గదిలో ఎదురుగా కొంచెం సందు తెరిచి ఉండాలి. తడిసిన గాలి బయటికి పోకపోతే గదిలో చెమ్మ పెరిగి ఉక్కపోస్తుంది. స్లైడింగ్ తలుపును నాలుగంగుళాలు జరిపి వదిలేస్తే చాలు, అది అక్కడే నిలుస్తుంది. మడిచే తలుపును అట్లా కొంచెం తెరిచి ఉంచడం కష్టం, గాలికి రెక్కలు ఊగి ఒకదానికొకటి కొట్టుకుంటాయి. బేసి సంఖ్యలో రెక్కలు పెట్టించుకుంటే చివరి రెక్కను మామూలు తలుపులా విడిగా వాడుకోవచ్చు. ఫోల్డింగే కావాలనుకునేవాళ్లు మూడో, అయిదో రెక్కలు అడగండి.

ఇక దోమల మాట. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే నేల ఇది. పొలంలో నీళ్లు నిలిచే కాలమంతా పొద్దుగూకగానే దోమ ఇంటికి వస్తుంది. రెండు రెక్కల స్లైడింగ్ చట్రానికి మూడో పట్టా కలిపి జాలీ రెక్క పెట్టించుకోవడం తేలిక, అద్దం జరిపి జాలీ మూస్తే గాలి వస్తుంది, దోమ రాదు. మడిచే తలుపుకు జాలీ కావాలంటే ముడతలు పడుతూ తెరుచుకునే రకం తెర విడిగా కట్టించాలి. ఖర్చూ ఎక్కువే, చిన్నపిల్లలున్న ఇంట్లో అది ఎక్కువ రోజులు నిలవడమూ కష్టమే. నన్ను అడిగితే ఈ ఒక్క కారణం చాలు, మూడు పట్టాల స్లైడింగ్‌కే నా ఓటు.

మీకు తెలుసా? వడ్ల బరువులో ఇంచుమించు అయిదో వంతు పొట్టే. ఆ పొట్టును కాలిస్తే మళ్లీ దాదాపు అయిదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. రైసు మిల్లులకు పేరున్న మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం కోసం బాయిలర్లలో కాల్చేది ఈ పొట్టునే. గాలి వాటాన ఎగిరివచ్చిన బూడిద ఇంట్లో ముందుగా చేరే చోటు తలుపు కింది పట్టా. స్లైడింగ్ తలుపు బరువంతా కింది చక్రాల మీద నడుస్తుంది. పట్టాలో సిలికా చేరితే చక్రాలు అరిగి, కొన్నాళ్లకు తలుపు కిర్రుమంటూ కదలక మొరాయిస్తుంది. పైనుంచి వేలాడే మడత తలుపుకు కింద దారి చూపే గాడి మాత్రమే ఉంటుంది, బరువు పైన ఉంటుంది. మిల్లు పక్క కాలనీలో ఇది దానికి నిజమైన బలం.

స్లైడింగ్ పెట్టుకున్నవాళ్లు వారానికోసారి పాత పెయింట్ బ్రష్‌తో పట్టా ఊడ్చి, తడిగుడ్డతో తుడవాలి. నూనె మాత్రం పోయకండి. నూనెకు బూడిద అంటుకుని ముద్దవుతుంది. రెక్కను పైకెత్తి బయటికి తీయగలిగేలా, చక్రాలు విడిగా మార్చుకోగలిగేలా ఉందో లేదో కొనేటప్పుడే అడగాలి.

మీకు తెలుసా? అద్దం మందం ప్రతి మిల్లీమీటరుకు, చదరపు మీటరు వైశాల్యానికి బరువు రెండున్నర కిలోలు. ఈ లెక్కన 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున్న 6 మిల్లీమీటర్ల రెక్కలో అద్దమే 48 కిలోల పైన తూగుతుంది. చట్రం బరువు అదనం. స్లైడింగ్‌లో ఆ బరువును నేల మోస్తుంది. పైనుంచి వేలాడే మడత తలుపులో రెక్కలన్నిటి బరువునూ మీ లింటెల్ మోయాలి.

పాత ఇంటి గోడ పగలగొట్టి దారి తీసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. 12 అడుగుల ఖాళీ మీద మూడడుగుల ఎత్తున 9 అంగుళాల ఇటుక గోడ మిగిలితే, ఆ గోడ ఒక్కటే టన్నున్నర దాకా ఉంటుంది. స్లాబు బరువు దానిపైన. కింద బీమ్ కొన్ని మిల్లీమీటర్లు వంగినా మనకు కనబడదు, తలుపుకు మాత్రం తెలుస్తుంది, రెక్క పట్టేస్తుంది. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయానికి వెళ్తే ద్వారాలు ఎంత ఇరుకో, స్తంభాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. రాయి నొక్కుడును ఎంతైనా భరిస్తుంది, వంపును భరించదు. అందుకే ఆనాటి శిల్పులు దూలాన్ని పొట్టిగా ఉంచారు. మనకు 12 అడుగుల దారి వచ్చిందంటే కాంక్రీటులో దాచిన ఇనుప చువ్వల వల్లే. ఆ చువ్వలు ఎన్ని, ఎంత లావు అన్నది మేస్త్రి అందాజాకు వదలకుండా ఇంజనీరుతో లెక్క వేయించాలి.

మీకు తెలుసా? ఎండకు తలుపు పెరుగుతుంది. చలికాలపు తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నం ఎండలో కాగిన చట్రానికీ 40 డిగ్రీల తేడా అనుకుంటే, మూడు మీటర్ల అల్యూమినియం కమ్మీ దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవున్న యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కమ్మీ 8 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. అందుకే వెడల్పాటి మడత తలుపుకు అల్యూమినియం నయం, కీలు కీలుకూ తేడా చేరితే రెక్కలు సరిగ్గా కూర్చోవు. వేడిని లోపలికి మోసుకురావడంలో మాత్రం అల్యూమినియం యూపీవీసీకి దాదాపు వెయ్యి రెట్లు. స్లైడింగ్‌కు, మామూలు కొలతల్లో, లోపల ఇనుము పెట్టిన యూపీవీసీ బాగానే ఉంటుంది.

కోదాడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 నాటి వాన ఎవరూ మరిచిపోలేదు. ఊళ్లోకి వరద వచ్చింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఇప్పుడు హాలు నేలకూ వాకిలి నేలకూ ఎత్తు తేడా లేకుండా పట్టాను టైల్స్‌లోకి దించేయడం మోజుగా ఉంది. చూడ్డానికి బాగుంటుంది, చక్రాల కుర్చీలో తిరిగే పెద్దలకు మేలు కూడా. కాని వాకిలి నీళ్లు నేరుగా హాల్లోకి వస్తాయి. వాకిలిని హాలు నేలకంటే కనీసం నాలుగంగుళాలు కిందికి ఉంచి, వాలు బయటికి పెట్టించండి. కింది పట్టాకు నీళ్లు బయటికి పోయే రంధ్రాలు ఉండాలి, వాటిని సిమెంటుతో పూడ్చేయకుండా దగ్గరుండి చూసుకోవాలి. గాలి లెక్క కూడా ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం కట్టడాలకు తీసుకోవాల్సిన గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు 50. కోదాడ ఆ రెంటి నడుమ దారిలో ఉంది, అద్దం, చట్రం ఎంచుకునేటప్పుడు ఇదీ గుర్తుంచుకోండి.

మీకు తెలుసా? టఫెన్డ్ అద్దాన్ని ఒకసారి తయారయ్యాక కోయడం కుదరదు. 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లార్చి చేస్తారు దాన్ని. పగిలితే కత్తుల్లాంటి పెంకులుగా కాకుండా చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది కాబట్టి ఇంత పెద్ద తలుపుకు అదే వాడాలి, మూలన ముద్ర చూసి తీసుకోవాలి. కోయలేమంటే కొలత తప్పితే ఆ అద్దం పనికిరాదన్నమాటే. ప్లాస్టరింగ్, టైల్స్ రెండూ అయ్యాకే ఫ్యాబ్రికేటర్‌తో కొలతలు తీయించండి.

సింహద్వారానికి ఈ రెండూ వద్దు. అక్కడ టేకు దర్వాజ, పసుపు రాసుకునే గడప ఉండనివ్వండి. పక్క హాలుకు, తూర్పు వైపైనా ఉత్తరం వైపైనా, జాలీ రెక్కతో మూడు పట్టాల స్లైడింగ్ పెట్టుకోండి. ఇంట్లో తరచూ శుభకార్యాలుండి, ముందు నీడనిచ్చే వసారా ఉండి, బీమ్‌కు బలం ఉంటే మడిచే తలుపు పెట్టుకోవచ్చు. అయితే రెక్కలు బయటికి మడిస్తే రెండున్నర, మూడడుగుల చోటు తింటాయి. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం ఎంతో మున్సిపాలిటీ అనుమతి కాగితంలో చూసుకోండి, కలుపుకునే గదికి కూడా అనుమతి కావాలి.

తలుపు ఏదో తేల్చుకోవాల్సింది గృహప్రవేశానికి ముందు నెలలో కాదు, బీమ్‌కు సెంట్రింగ్ కొట్టకముందే. ఆ రోజు మేస్త్రినీ ఫ్యాబ్రికేటర్‌నీ ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడించండి.