టీవీ సెటప్ ఆగిందా? ఫైర్‌వాల్ ఆపేయకండి!

ఇంటికి కొత్త స్మార్ట్ టీవీ వచ్చింది. వైఫై పాస్‌వర్డ్ కొట్టారు. ‘కనెక్టెడ్’ అని చూపించి, మరుక్షణమే ‘ఇంటర్నెట్ లేదు’ అంటోంది. అదే వైఫైలో మీ ఫోన్ మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. నాన్నేమో షాపువాళ్లకు ఫోన్ చేయబోతున్నారు. ఆయన్ని ఒక్క గంట ఆగమనండి. నెట్‌వర్క్ సపోర్ట్, డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాలకు ప్రిపేరవుతున్న మీకు ఇంతకన్నా మంచి ల్యాబ్ దొరకదు. ఫీజు కూడా లేదు.

ఇదే ప్రశ్న ఇంటర్వ్యూలో అడిగితే? ‘ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూస్తానండీ’ అనేయడం తేలిక. ఇంట్లో అయితే పని జరిగిపోవచ్చు. ఆఫీసులో వందల సిస్టమ్స్‌కు కాపలా కాసేదాన్ని ఆపేస్తానంటే మాత్రం ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఎదుటివాళ్లు చూసేది, కాపలాను కదపకుండానే అడ్డుపడుతున్నదేదో పట్టుకోగలరా లేదా అని.

ముందు టీవీని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. సెటప్ ముందుకెళ్తే టీవీ మంచిదే, గొడవ ఇంటి నెట్‌వర్క్‌లో ఉంది. (అప్‌డేట్ డౌన్‌లోడ్ మొదలైతే వెంటనే ఆపండి, లేదంటే మీ రోజు డేటా హుష్‌కాకి!) మళ్లీ ఇంటి వైఫైకి మారి, టీవీ సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్ చూడండి. అది 169.254తో మొదలైతే రౌటర్ అసలు అడ్రసే ఇవ్వలేదన్నమాట. ఫైర్‌వాల్ దాకా వెళ్లకుండా ముందు డీహెచ్‌సీపీ సంగతి చూడాలి. అడ్రస్ సరిగానే ఉంటే అనుమానం ఫైర్‌వాల్ మీదకు మళ్లుతుంది.

ఇక్కడ చాలామందికి తట్టనిది గడియారం. టీవీ తన టైమ్‌ను ఎన్‌టీపీ ద్వారా, అంటే యూడీపీ 123 పోర్టులో తెచ్చుకుంటుంది. ఫైర్‌వాల్ ఆ దారి మూసేస్తే తేదీ ఏళ్ల వెనకే ఉండిపోవచ్చు. అప్పుడు సర్వర్ చూపించే సెక్యూరిటీ సర్టిఫికెట్ ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అనుకుని టీవీయే కనెక్షన్ తెంపేస్తుంది. వెబ్‌సైట్లకు వాడే 443 పోర్టు తెరిచే ఉన్నా లాభం ఉండదు. తప్పు కనిపించేది ఒకచోట, ఉన్నది ఇంకోచోట. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్క చెప్పినా అడిగేవాళ్లు తలెత్తి చూస్తారు.

రెండో అనుమానం డీఎన్ఎస్. కొన్ని డివైజ్‌లు రౌటర్ చెప్పింది వినకుండా నేరుగా 8.8.8.8ను అడుగుతాయి. బయటి డీఎన్ఎస్‌ను ఫైర్‌వాల్ ఒప్పుకోకపోతే అవి అక్కడే ఆగిపోతాయి. ప్రకటనలు రాకుండా పెట్టుకున్న బ్లాక్‌లిస్ట్ ఒక్కోసారి, నెట్ ఉందో లేదో టీవీ చూసుకునే అడ్రస్‌ను కూడా మింగేస్తుంది. ఫోన్‌లో యూట్యూబ్ హాయిగా వస్తున్నా టీవీ ‘నెట్ లేదు’ అని మొండికేయడానికి అదీ ఒక కారణం.

ఊహలతో సరిపెట్టుకోకండి, ఆధారం చూడండి. రౌటర్‌లో లాగ్ ఉంటే టీవీ ఐపీతో వెతకండి. లేకపోతే ఇంటి నెట్‌కు కలిపిన ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, టీవీని దానికి కలిపి, ఉచితంగా దొరికే వైర్‌షార్క్‌తో ఆ ట్రాఫిక్ పట్టుకోండి. 123కు అడుగుతూనే ఉంది, జవాబు రావడం లేదు... దొంగ దొరికినట్టే! అసలు ఈ దారిలో సెటప్ పూర్తయిపోతే? ఇంటి ఫైర్‌వాల్‌కు కనిపించేది ల్యాప్‌టాప్ అడ్రసే కాబట్టి, రూల్ ఏదో టీవీ మీదే ప్రత్యేకంగా ఉండొచ్చు. మ్యాక్ ఫిల్టర్, పేరెంటల్ కంట్రోల్ చూడండి.

దొరికాక ఆ ఒక్క పోర్టుకు, ఆ ఒక్క టీవీకి మాత్రమే అనుమతి ఇవ్వండి. టీవీని ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి సెటప్ చివరిదాకా నడపండి. లక్షణం ఏంటి, ఏం పరీక్షించారు, ఏ రూల్ మార్చారు... నోట్స్‌లో రాసిపెట్టుకోండి. కాంప్టియా నెట్‌వర్క్ ప్లస్ సిలబస్‌లోని ట్రబుల్‌షూటింగ్ పద్ధతిలో చివరి మెట్టు ఈ రాతపనే. ‘మీరు పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి’ అని హెచ్ఆర్ అడిగినప్పుడు ఆ నోట్సే అక్కరకొస్తుంది.