ముప్పై అయిదేళ్ల గోల్ వీరుడు

ఈసారి జోనల్ ఆటలకు ఫుట్‌బాల్ టీములో నా పేరు రాలేదు. రెండ్రోజులు అన్నం సయించలేదు. అప్పుడే ఇటలీ ఆటగాడు దారియో హుబ్నర్ గురించి చదివాను. మీకూ చెప్తాను.

ఈయన 1967లో పుట్టాడు. కుర్రతనంలో అల్యూమినియం కిటికీలు, తలుపులు బిగించే పని చేసేవాడు. ఇటలీలో జట్లన్నీ మెట్లు మెట్లుగా ఉంటాయి. పైన 'ఎ' లీగు, దాని కింద 'బి', ఆ కింద 'సి'. బాగా ఆడిన జట్టు పైకెక్కుతుంది, ఓడిపోయేది దిగుతుంది. హుబ్నర్ కిందినుంచే మొదలెట్టాడు. ఆయన స్ట్రైకరు, అంటే ముందుండి గోల్ కొట్టేవాడు. ఫానో జట్టులో ఉండగా 'సి'లో, చెసేనాలో ఉండగా 'బి'లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు. అయినా 'ఎ'లోకి వచ్చేసరికి 1997 అయింది. ముప్పై ఏళ్లు! చాలామంది ఆట మానేద్దామా అనుకునే వయసు. బ్రెషా తరఫున మొదటి మ్యాచ్ మిలాన్‌లో, ఇంటర్ జట్టు మీద. అటువైపు బ్రెజిల్ రొనాల్డో. కానీ మొదటి గోల్ మనవాడిదే! చివరికి 2-1తో ఇంటర్ గెలిచిందనుకోండి.

తర్వాత పియాచెంజా అనే చిన్న జట్టుకు వెళ్లాడు. 2001-02లో 24 గోల్స్ కొట్టాడు. యువెంటస్ ఆటగాడు ట్రెజెగే కూడా సరిగ్గా 24. ఇద్దరిదీ మొదటి స్థానమే. అప్పటికి హుబ్నర్‌కి 35 ఏళ్లు. సిగరెట్ మాత్రం మానలేదట. (వార్డెన్ సార్, అది నేర్చుకోమని రాయలేదండీ!)

ఆ ఏడే ప్రపంచ కప్. ట్రెజెగే ఫ్రాన్స్ తరఫున వెళ్లాడు. హుబ్నర్‌ని ఇటలీ పిలవలేదు. ఆ తర్వాత కూడా ఒక్క మ్యాచ్‌కీ పిలవలేదు.