చెరువు గుట్టమీద పుడుతుంది

పిల్లలూ! వానాకాలంలో ఒక గుట్ట శిఖరాన చినుకు పడిందనుకోండి. అది యెక్కడికి పోతుంది? "పల్లానికి పోతుంది" అని మీరు వెంటనే జవాబు చెబుతారు. నిజమే. కాని యే పల్లానికి? గుట్టకు నాలుగు పక్కలా పల్లమే గదా! చినుకు జానెడు అటు పడితే ఒక ఊరి చెరువుకు పోతుంది, జానెడు ఇటు పడితే మరొక ఊరి చెరువుకు పోతుంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాన్నే తీసుకోండి. అక్కడ హిమాలయాలవంటి పర్వతాలు లేవు. గాంధారి, మాచారెడ్డి వైపు అడవి కప్పిన గుట్టలు మాత్రం ఉన్నాయి. వాటిమీద పడిన వాన ఒర్రెలుగా, వాగులుగా మారుతుంది. పడమటి వాగుల నీరు మంజీరకు పోతే, తూర్పు వాగుల నీరు మానేరుకు పోతుంది. రెండూ చివరకు గోదావరిలోనే కలుస్తాయి. అయితే ఆ లోగా అవి నింపే చెరువులు వేరు, తడిపే పొలాలు వేరు. చెరువు ఊరి పక్కనే కనబడినా, అది పుట్టేది గుట్టమీద అన్నమాట.

గుట్టమీద చెట్లుంటే చినుకు ఆకుమీద పడి, కొమ్మలమీదుగా జారి, మెల్లగా నేలలోకి ఇంకుతుంది. చెట్లు లేకపోతే అదే చినుకు నేలను కొట్టి, మట్టిని పెళ్ళగించి, దానితో సహా కిందికి పరుగెత్తుతుంది. ఆ మట్టి వచ్చి చెరువులో కూర్చుంటుంది. దానినే పూడిక అంటాము.

పూడిక ఎంత పని చేస్తుందో చూడండి. మంజీరమీద నిజాంసాగరు కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. అప్పుడది 29 టి.ఎం.సి.ల పైచిలుకు నీరు పట్టేది. ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. యేటేటా పైనుంచి కొట్టుకువచ్చిన మట్టివల్ల, యాభై యేళ్ళు తిరగకముందే అందులో సగానికి పైగా చోటు పూడిపోయింది. తరువాత నీటిమట్టం పెంచితే 17 టి.ఎం.సి.ల పైచిలుకు వరకే రాగలిగింది. అంత పెద్ద సాగరానికే ఆ గతి పడితే, మన ఊరి కుంట మాటేమిటి?

మట్టి రాకుండా ఆపాలంటే అది యే గుట్టనుంచి వస్తున్నదో తెలియాలి. వందల గుట్టలు, వేల ఒర్రెలు ఉన్న చోట ఇది తెలుసుకునేదెట్లా? దీనికి ఇప్పుడు ఒక చక్కని సాధనం ఉన్నది. దాని పేరు భౌగోళిక సమాచార వ్యవస్థ. పొడిగా జి.ఐ.ఎస్. అంటారు. పేరు చూసి భయపడకండి. అది పొరలు పొరలుగా గీసిన పటం, అంతే!

పటం గీయాలంటే ముందు నేలను కొలవాలి. మన దేశంలో ఆ మహాకార్యం 1802లో మద్రాసు దగ్గర మొదలయింది. విలియం లాంబ్టన్ అనే ఆయన గొలుసులతో నేలను కొలిచి, కోణాలు చూసే బరువైన యంత్రాన్ని కొండలమీదికి ఎక్కించి, త్రికోణం పక్కన త్రికోణం పేర్చుకుంటూ ఉత్తరానికి సాగాడు. ఆ కొలత ఇంచుమించు 78వ రేఖాంశం వెంబడే నడిచింది. మీ అట్లాసు తీసి చూడండి, ఎల్లారెడ్డి కూడా దాదాపు ఆ గీతమీదే ఉంటుంది. 1815లో బీదరు దగ్గరి దామరగిద్ద వద్ద ఒక ఆధారరేఖను కొలిచారు. ఆ పని లాంబ్టన్ తరువాత కూడా సాగి హిమాలయాలదాకా పోయింది. ఎవరెస్టు శిఖరం ఎత్తు లెక్కకట్టింది అట్లాంటి త్రికోణాలతోనే.

కాగితం పటంలో ఒక చిక్కు ఉన్నది. ఒకే కాగితంమీద గుట్టలు, అడవి, వాగులు, మట్టిరకాలు, దారులు, ఇళ్ళు అన్నీ గీస్తే గజిబిజి అయిపోతుంది. వేరువేరు కాగితాలమీద గీస్తే ఒకదానితో ఒకటి పోల్చడం కష్టం. రోజర్ టాంలిన్సన్ అనే భూగోళవేత్తకు ఈ చిక్కే ఎదురయింది. తూర్పు ఆఫ్రికాలో అడవి పెంచడానికి అనువైన చోటు వెదకిపెట్టమని ఆయన కంపెనీని అడిగారు. చేత్తో పటాలు పోల్చి చూడాలంటే ఖర్చు తడిసిమోపెడవుతుందని తేలింది. ఆ పని కంప్యూటరుచేత ఎందుకు చేయించకూడదని ఆయనకు తోచింది. ఆ ఆలోచనతోనే 1960 తరువాతి సంవత్సరాలలో కెనడా దేశపు భూములకోసం మొదటి జి.ఐ.ఎస్. తయారయింది.

మన దగ్గర ఈ పనికి పెద్ద కేంద్రం హైదరాబాదులోనే ఉన్నది. 1974లో ఏర్పడిన ఆ సంస్థను ఇప్పుడు జాతీయ దూరసంవేదన కేంద్రం అంటున్నారు. దూరసంవేదన అంటే తాకకుండా, దూరంనుంచే చూసి తెలుసుకోవడం. మన ఉపగ్రహాలు పంపే చిత్రాలను షాద్‌నగరులో అందుకుంటారు. 2005 మే 5న శ్రీహరికోటనుంచి ఎగిరిన కార్టోసాట్-1 ఉపగ్రహానికి రెండు కెమేరాలుండేవి. ఒకటి కొంచెం ముందుకు, ఒకటి కొంచెం వెనక్కు చూసేవి. మన రెండు కళ్ళు కలిసి దూరాన్ని పసిగట్టినట్టే, ఆ రెండు కెమేరాల చిత్రాలను జోడించి నేల ఎత్తుపల్లాలను లెక్కకట్టారు.

ఎత్తులు తెలిస్తే నీటి దారి ఎట్లా తెలుస్తుందో మీరే చేసి చూడవచ్చు. మూడు వరసలలో తొమ్మిది గళ్ళు గీయండి. ఒక్కొక్క గడి గుట్టలో ఒక ముక్క అనుకోండి. వాటిలో మీటర్లలో ఎత్తులు వేయండి. పై వరసలో 536, 533, 531. నడిమి వరసలో 534, 530, 528. కింది వరసలో 532, 527, 525. ఇప్పుడు నడిమి గడిలో చినుకు పడింది. చుట్టూ ఎనిమిది గళ్ళున్నాయి. అది యెటు పోతుంది? ఎక్కువ వాలు ఉన్న వైపుకు, అనగా మూలనున్న 525కు పోతుంది. కంప్యూటరు చేసేది కూడా ఇదే. అయితే అది లక్షల గళ్ళకు ఈ లెక్క క్షణాలలో వేస్తుంది. తరువాత యే గడిలోకి ఎన్ని గళ్ళ నీరు చేరుతున్నదో కూడుతుంది. ఎక్కువ గళ్ళ నీరు చేరే గళ్ళన్నీ కలిపితే వాగు కనబడుతుంది. ఒక చెరువులోకి నీరు పంపే గళ్ళన్నీ కలిపితే ఆ చెరువు పరీవాహక ప్రాంతం తేలుతుంది.

ఆ పొరమీద అడవి పొర, మట్టి పొర, పొలాల పొర వేసి ప్రశ్న అడగాలి. "ఈ చెరువుకు పైన, వాలు ఎక్కువగా ఉండి, చెట్లు తక్కువగా ఉన్న చోటు యేది?" అని. ఆ చోట్లు రంగు మారి కనబడతాయి. మొక్కలు నాటవలసింది అక్కడ. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వవలసింది, ఒర్రెలలో రాతికట్టలు వేయవలసింది కూడా అక్కడే. 1994లో ఆర్థికశాస్త్రవేత్త చెన్నమనేని హనుమంతరావుగారి సంఘం కరువు ప్రాంతాల అభివృద్ధికి పరీవాహక ప్రాంతాన్నే ఆధారం చేసుకోమని సలహా ఇచ్చింది. ఆ పనులలో పాటించవలసిన వరస ఒకటున్నది. ముందు గుట్ట, తరువాత వాలు, ఆ తరువాత పల్లం. పైన మట్టిని ఆపకుండా కింద పూడిక తీస్తే, కుండ అడుగు చిల్లి పూడ్చకుండా నీళ్ళు పోసినట్టే.

2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలయింది సదాశివనగరు పాత చెరువు దగ్గరే. ఆనాడది నిజామాబాదు జిల్లా. 2016 అక్టోబరు 11నుంచి కామారెడ్డి జిల్లాలో ఉన్నది. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులలో పూడిక తీసి, కట్టలు, తూములు, మత్తళ్ళు బాగుచేయాలన్నది ఆ పథకం లక్ష్యం. తీసిన పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. ఆ చెరువులు మళ్ళీ పూడకుండా ఉండాలంటే మాత్రం పైనున్న గుట్టలను పట్టించుకోవాలి.

నీరు తక్కువైతే ఒక బాధ, ఎక్కువైతే మరొక బాధ. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కుంభవృష్టి కురిసింది. రాజంపేట మండలంలోని ఆర్గొండలో ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి. రోడ్లు, రైలుకట్ట తెగిపోయాయి. ఎల్లారెడ్డి వైపు, 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట మీదుగా నీరు పొర్లి పారింది. నూరేళ్ళు దాటిన ఆ కట్టడం మాత్రం నిలిచింది. అంత వానను యెవరూ ఆపలేరు. కాని నీటి దారులను పటంమీద ముందే చూసుకుంటే, యే వాగు పక్కన ఇల్లు కట్టకూడదో, యే రోడ్డు కింద ఎంత పెద్ద మోరీ వేయాలో తెలుస్తుంది.

మరి పటం చెప్పిందంతా నిజమేనా? ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఎండిపోయిన కుంట పైనుంచి చూస్తే బీడులా కనబడవచ్చు. పోడు చేసిన చేను పొదల మధ్య కలిసిపోవచ్చు. గీత ఒక బెత్తెడు జరిగితే, నేలమీద ఒక తండా కుటుంబపు చేను అడవి లోపలికి పోవచ్చు. వాళ్ళకు అది బెత్తెడు కాదు, యేడాది తిండి! 2005 డిసెంబరు 13కు ముందునుంచి అడవి భూమి సాగుచేసుకుంటున్న గిరిజన కుటుంబాలకు 2006 నాటి అటవీహక్కుల చట్టం హక్కు ఇస్తుంది. ఆ చట్టపు నియమాలను 2012లో సవరించినప్పుడు ఒక మంచి మాట చేర్చారు. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చును గాని, వాటికి బదులు కాజాలదు. ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట కూడా ఆ నియమాల ప్రకారం సాక్ష్యమే. అందుకే మంచి పటం చేసేవారు చిత్రం చూసి ఊరుకోరు. ఆ చోటికి నడిచి వెళ్ళి, చూసి, అడిగి, సరిదిద్దుతారు.

ఈ సెలవులలో మీరూ ఒక పటం చేయండి. నాలుగు ట్రేసింగు కాగితాలు తీసుకోండి. నాలుగింటిమీదా ఒకే చోట ఊరి గుడినో, బడినో చుక్కగా పెట్టండి. మొదటి దానిమీద గుట్టలు, రెండవదానిమీద ఒర్రెలు, చెరువులు, మూడవదానిమీద చెట్లున్న చోట్లు, నాలుగవదానిమీద ఇళ్ళు, దారులు గీయండి. చుక్కలు కలిసేట్టు ఒకదానిమీద ఒకటి పెట్టి, కిటికీ వెలుతురులో చూడండి. మీ చెరువుకు నీరిచ్చే గుట్ట యేది? దానిమీద చెట్లున్నాయా? నీటి దారిలో ఎవరి ఇల్లయినా ఉన్నదా? తరువాత ఆ పటం తీసుకుపోయి మీ తాతగారికి చూపండి. మీరు గీయని ఒర్రె ఒకటి ఆయన తప్పక చూపిస్తారు.