దాణా సంచి నుంచి ఐసీయూ దాకా

ఐసీయూ నుంచి మా ల్యాబ్‌కి ఫోన్ వచ్చిందంటే ఎక్కువసార్లు అడిగేది ఒకటే: "మేడమ్, కోలిస్టిన్ రిజల్ట్ వచ్చిందా?"

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇన్‌ఫెక్షన్ ముదిరిన మనిషి రక్తంలోనో కఫంలోనో ఏ బ్యాక్టీరియా పెరిగింది, దాన్ని ఏ మందు చంపుతుంది అని తేల్చడం నా పని. రిపోర్టులో మందు పేరు ఎదురుగా 'ఎస్' అని ఉంటే అది పనిచేస్తుంది, 'ఆర్' అని ఉంటే పనిచేయదు. వరసగా అన్నిటికీ 'ఆర్' పడి, మెరోపెనెమ్‌కి కూడా 'ఆర్' పడ్డాక డాక్టర్లు కోలిస్టిన్ కోసం చూస్తారు.

ఆ పరీక్ష చేయడం తేలిక కాదు. మిగతా మందులకైతే బ్యాక్టీరియా పూసిన అగార్ ప్లేటు మీద మందు అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం. బిళ్ల చుట్టూ ఎంత మేర పెరుగుదల ఆగిందో మర్నాడు కొలుస్తాం. కోలిస్టిన్ అణువు పెద్దది కావడంతో అగార్‌లోకి సరిగా పాకదు. అందుకే చిన్న చిన్న గుంతలున్న ప్లేటులో ఒక్కో గుంతలో ఒక్కో మోతాదు మందు పోసి, బ్యాక్టీరియా కలిపి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. మందు పనిచేసిన గుంత తేటగా ఉంటుంది, పనిచేయనిది మసకబారుతుంది. ఎక్కువ మోతాదు పోసిన గుంతలు కూడా మసకబారిన ప్లేటును చూసిన రోజు ఐసీయూకి ఫోన్ చేయడం నాకు కష్టమైన పని.

పక్కన పెట్టిన మందే దిక్కయింది

కోలిస్టిన్ కొత్త మందేమీ కాదు. 1940ల చివర్లో జపాన్‌లో ఒక బ్యాక్టీరియా నుంచి తీశారు. కిడ్నీలనూ నరాలనూ దెబ్బతీస్తుందని 1970ల నాటికి డాక్టర్లు దాని వాడకం బాగా తగ్గించేశారు. అప్పటికి అంతకన్నా మంచి మందులు వచ్చాయి. ఆ తర్వాత కార్బపెనెమ్‌లు వచ్చాయి. మెరోపెనెమ్ ఆ కుటుంబంలోదే.

2008లో భారత్‌లో చికిత్స పొంది స్వీడన్ తిరిగి వెళ్లిన ఒక రోగిలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. కార్బపెనెమ్‌లను విరిచేసే ఎంజైమ్ ఒకటి దానిలో ఉంది. దానికి ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు. 2011లో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీళ్లలో, కొన్ని కుళాయి నీళ్లలో కూడా ఆ ఎంజైమ్ జన్యువున్న బ్యాక్టీరియాను పరిశోధకులు గుర్తించారు. కార్బపెనెమ్‌లు అలా చేజారుతుంటే, పక్కన పెట్టిన కోలిస్టిన్‌నే మళ్లీ తేవాల్సి వచ్చింది. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసుకుంటూ, క్రియాటినిన్ కొలుచుకుంటూ వాడుతున్నారు. ఆ తర్వాత కొన్ని కొత్త మందులూ, మందుల జోడీలూ వచ్చాయి. వాటి ఖరీదు మాత్రం మామూలు కుటుంబం మోయగలిగింది కాదు.

తట్టుకునే శక్తి రెండు దారుల్లో వస్తుంది

ఇ.కోలై, క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా పై పొర మీద రుణావేశం ఉంటుంది. కోలిస్టిన్‌ది ధనావేశం. రెండూ అతుక్కుంటాయి, పొర చిరుగుతుంది, బ్యాక్టీరియా చస్తుంది. పొర మీద ఆ రుణావేశం తగ్గితే మందుకు పట్టు దొరకదు. బ్యాక్టీరియా చేసేది అదే.

మొదటి దారి మ్యుటేషన్. ఇ.కోలై అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకొకసారి రెండవుతుంది. అన్ని కోట్ల నకళ్లలో ఎక్కడో ఒకచోట జన్యువులో తప్పు పడుతుంది. క్లెబ్సియెల్లాలో ఎంజీఆర్‌బీ అనే జన్యువు చెడితే పొర స్వభావం మారి కోలిస్టిన్ పనిచేయదు. మందు వాడుతున్న శరీరంలో మిగతావన్నీ చచ్చి, ఆ తప్పు పడినదే మిగిలి పెరుగుతుంది. ఈ రకం మార్పు ఆ బ్యాక్టీరియా సంతతికి మాత్రమే వెళ్తుంది.

రెండో దారి ఇంకా ప్రమాదం. బ్యాక్టీరియాలో ముఖ్యమైన డీఎన్‌ఏ కాకుండా, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయాలు విడిగా ఉంటాయి. ఒక బ్యాక్టీరియా పక్కదానితో కలిసి ప్లాస్మిడ్ నకలును అందిస్తుంది. ఆవకాయ కొలతలు రాసుకున్న కాగితాన్ని జిరాక్స్ తీసి పొరుగింటావిడకి ఇచ్చినట్టు: ఇచ్చినవారి దగ్గరా ఉంటుంది, పుచ్చుకున్నవారి దగ్గరా ఉంటుంది. ఆ ఇద్దరూ ఒకే జాతి కానక్కర్లేదు. పేగుల్లో హాని చేయకుండా బతికే ఇ.కోలై, ప్రాణం తీసే క్లెబ్సియెల్లాకి ఇవ్వగలదు. 1950ల్లో జపాన్‌లో జిగట విరేచనాల బ్యాక్టీరియా ఒకేసారి అనేక మందులకు లొంగకపోవడం చూసి అక్కడి శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. ఆ శక్తి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి అందుతోందని 1959లో వాళ్లే చూపించారు.

కోలిస్టిన్ విషయంలో మాత్రం ఈ రెండో దారి లేదనే చాలాకాలం అనుకున్నారు. 2015 నవంబరులో ఆ నమ్మకం పోయింది. షాంఘై దగ్గర ఒక ఫారంలోని పందిలో దొరికిన ఇ.కోలైలో, ప్లాస్మిడ్ మీద కోలిస్టిన్‌ను తట్టుకునే జన్యువును చైనా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. దాని పేరు ఎంసీఆర్-1. 2011 నుంచి 2014 దాకా సేకరించిన శాంపిళ్లలో పచ్చి మాంసంలో 15 శాతం, పశువుల్లో 21 శాతం, ఆసుపత్రి రోగుల్లో ఒక శాతం దగ్గర ఈ జన్యువున్న ఇ.కోలై కనబడింది. ఎక్కువ ఎక్కడుందో, తక్కువ ఎక్కడుందో ఈ అంకెల్లోనే ఉంది. జన్యువు పెరిగింది ఆసుపత్రిలో కాదు, పశువుల కొట్టంలో. ఆ వార్త వచ్చిన కొద్ది నెలలకే యూరప్, ఆఫ్రికా, అమెరికాల్లోనూ అది బయటపడింది.

మావయ్య అడిగిన ప్రశ్న

మా మావయ్యకి గోదావరి జిల్లాలో కోళ్ల ఫారం ఉంది. ఇదంతా చెబితే ఆయన సూటిగా అడిగాడు: "అమ్మాయ్, కోడి పారుకుంటుంటే నీళ్లలో కలిపిన పొడికీ, మీ ఐసీయూలో పేషెంటుకీ లంకె ఏంటే? ఏజెంటు ఇచ్చాడు, కోళ్లు నిలబడ్డాయి. దాని పేరు కోలిస్టిన్ అని కూడా మాకెవరూ చెప్పలేదు."

ఆయన తప్పు పట్టాల్సిందేమీ చేయలేదు. రోగం కోసమే కాదు, త్వరగా బరువు పెరగాలని దాణాలో కొద్దికొద్దిగా కలిపి రోజూ పెట్టడం చాలా దేశాల్లో జరిగింది. ఆయనకి చెప్పిన జవాబే ఇక్కడా చెబుతున్నాను. కొద్ది మోతాదులో రోజూ మందు తగిలితే కోడి పేగుల్లో మామూలు బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకునేది మిగులుతుంది. కోళ్ల పెంటను ఎరువుగా పొలానికి తోలతాం, వాన నీళ్లకు అది కాలవలోకి వెళ్తుంది. ఫారంలో పనిచేసేవారి చేతులకీ, మాంసం కోసే కత్తిపీటకీ ఆ బ్యాక్టీరియా అంటుతుంది. బాగా ఉడికిన కూరతో భయం లేదు, పచ్చి మాంసం తాకిన చేతులతోనే భయం. అలా మన పేగుల్లోకి చేరి నిశ్శబ్దంగా ఉంటుంది. మనిషి జబ్బుపడి ఐసీయూలో చేరి, గొట్టాలూ సూదులూ గుచ్చాక రక్తంలోకి దిగుతుంది.

"అయితే మానేస్తే పోతుందా?" అన్నాడు మావయ్య. ఆ ప్రశ్నకి చైనా జవాబిచ్చింది. దాణాలో కోలిస్టిన్ కలపడాన్ని 2017లో ఆ దేశం నిషేధించింది. 2015-16లో పందుల్లోని ఇ.కోలైలో 34 శాతం కోలిస్టిన్‌కి లొంగనివి ఉండగా, 2017-18 నాటికి ఐదు శాతానికి పడిపోయాయి. కోళ్లలో 18 నుంచి ఐదుకి తగ్గాయి. ఎంసీఆర్-1 మోయడం బ్యాక్టీరియాకి భారమే. మందు లేని చోట, దాన్ని మోసే బ్యాక్టీరియా మోయని వాటితో పోటీలో నిలవలేదు. మన దేశమూ 2019 జులైలో కోళ్లు, పశువులు, ఆక్వా చెరువులకు కోలిస్టిన్ తయారీనీ అమ్మకాన్నీ నిషేధించింది. ఆ నిషేధం చివరి పల్లెలోని దాణా దుకాణం దాకా అమలు కావాలి.

మామూలు మాత్రకీ ఇందులో భాగముంది

ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు పక్కపక్కనే ఉండొచ్చు. జలుబుకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రను వాటిలో ఒక్క జన్యువు తట్టుకోగలిగితే చాలు, మొత్తం ప్లాస్మిడ్ నిలుస్తుంది. చివరి మందును ఓడించే జన్యువూ దానితోపాటే నిలుస్తుంది. మనం కోలిస్టిన్‌ను కళ్లతో చూడకపోయినా దాన్ని పాడుచేయగలం.

మందులు తయారయ్యే చోటా ఇదే జరుగుతుంది. హైదరాబాద్ శివారు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ ప్రాంతంలోనే ఉన్న కాజీపల్లి చెరువులో మందులను తట్టుకునే జన్యువులూ, వాటిని మోసే ప్లాస్మిడ్లూ విస్తారంగా ఉన్నాయని 2014లో తేలింది. ప్రపంచానికి మందులు చేసి పంపే నగరం మాది. వదిలే నీటిలో యాంటీబయాటిక్ ఎంత ఉందో కొలిచి, పరిమితి పెట్టి, ఆ అంకెలు జనానికి చూపించే బాధ్యత కూడా మాకే ఎక్కువ.

2019లో ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మంది నేరుగా మందులకు లొంగని బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లతో చనిపోయారని అంచనా. ఈ సంఖ్య తగ్గించడానికి కొత్త మందు కనిపెట్టేదాకా ఆగనక్కర్లేదు. జలుబుకీ వైరల్ జ్వరానికీ యాంటీబయాటిక్ అడగకండి. డాక్టరు రాస్తే, "కల్చర్‌కి పంపారా?" అని (అంటే బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకి) అడగండి, ఆ హక్కు మీకుంది. మిగిలిన మాత్రలు దాచి ఇంకొకరికి ఇవ్వకండి. ఐసీయూలోకి వెళ్లేముందు, వచ్చాక చేతులు కడుక్కోండి. ఫారం ఉన్నవారు టీకాలకీ, పొడి లిట్టర్‌కీ, శుభ్రమైన నీటికీ ముందు ఖర్చు పెట్టండి. మందు పొడి సంచి మీద ఏం రాసుందో పశువైద్యుడితో చదివించుకోండి. మావయ్య ఇప్పుడు ఆ పనే చేస్తున్నాడు. చైనాలో రెండేళ్లలోనే అంత తేడా కనబడింది. ఇక్కడ కూడా కనబడాలంటే ఫారం, ఫ్యాక్టరీ, మెడికల్ షాపు, ఆసుపత్రి ఈ నాలుగూ కలిసి నడవాలి. ఏ ఒక్కటి ఆగినా మిగతా మూడూ పడిన కష్టం వృథా అవుతుంది.