క్రియారూపాల కుదింపు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ‘వచ్చాడు’ అనేది ‘వచ్చినాడు’ అనే సరైన రూపాన్ని తొందరలో మింగి పలకడం వల్ల పుట్టిన తప్పు.

వాస్తవం: ‘వచ్చిన’ అనే క్రియాజన్య విశేషణానికి, అంటే క్రియ నుంచి పుట్టి నామాన్ని విశేషించే మాటకు, ‘వాడు’ చేరగా ఏర్పడిన ‘వచ్చినవాడు’ వాడుకలో ‘వచ్చినాడు’ అయి, రాయలసీమలో అలాగే నిలిచి, కోస్తాలో ‘వచ్చాడు’గా, తెలంగాణలో ‘వచ్చిండు’గా మారింది. నోటి పొరపాటే అయితే ఒక్కో మాట ఒక్కో దారి పట్టేది. ‘కోసినాడు’ ‘కోశాడు’ కావడంలోనూ, ‘చూసినాడు’ ‘చూశాడు’ కావడంలోనూ ఒకే క్రమం కనిపిస్తుంది. ఇంగ్లీషులో ‘డు నాట్’ ‘డోన్ట్’ అయినప్పుడు లోపించిన అక్షరానికి బదులు అపాస్ట్రఫీ అనే గుర్తు మిగులుతుంది. తెలుగులో అటువంటి గుర్తు లేనందున కుదింపు జరిగిందన్న సంగతే మరుగున పడింది. చదువుకున్నవారి నోట నడిచే ఈ రూపాలే రాతకూ తగినవని వ్యావహారిక భాషావాది గిడుగు వెంకట రామమూర్తి 1910లలో వాదించగా, 1928లో ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, సహరచయిత జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో వీటిని సొంత సూత్రాలు గల రూపాలుగానే వర్ణించారు.

అపోహ: ‘తీయలేదు’, ‘తీయలేడు’ ఒకటే, తేడా అంతా ఉచ్చారణలోనే ఉంది.

వాస్తవం: అసలు జాగ్రత్త పడవలసిన చోటు ఇదే. ‘అతను పత్తి తీయలేదు’ అంటే ఆ పని జరగలేదని, ‘అతను పత్తి తీయలేడు’ అంటే అతనికి ఆ శక్తి లేదని అర్థం. మొదటిదానిలోని ‘లేదు’ కర్త ఎవరైనా మారదు: నేను తీయలేదు, వాళ్లు తీయలేదు. రెండోదానిలోని ‘లే’ మాత్రం కర్తను బట్టి తీయలేను, తీయలేవు, తీయలేరు అని మారుతుంది. కర్త ‘ఆమె’ అయినప్పుడు రెండు రూపాలూ కలిసిపోతాయి కనుక, ‘ఆమె పత్తి తీయలేదు’ అన్న వాక్యం ఆమె ఆ పని చేయలేదని చెబుతున్నదో, ఆమెకు చేతకాదని చెబుతున్నదో సందర్భమే తేల్చాలి. కల్లంలో ‘మిరపకాయలు ఎండలేదు’, ‘ఎండలేవు’ అనే మాటలకూ ఇదే భేదం వర్తిస్తుంది: మొదటిది ఇంకా ఎండని కాయల సంగతి, రెండోది మబ్బు పట్టి ఎండే వీలే లేని కాయల సంగతి.

అపోహ: ఒక ఊళ్లో ఒకే రూపం సరైనది.

వాస్తవం: ఒకే ఊళ్లో ఒకటికి మించిన రూపాలు నడవవచ్చు. ఉదాహరణకు, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలోనూ, ఒంగోలు గుంటూరు జిల్లాలోనూ, మార్కాపురం కర్నూలు జిల్లాలోనూ ఉండేవి. మూడు జిల్లాల నుంచి కూడిన ఇటువంటి చోట పిల్లల చెవిన ఒకటికి మించిన రూపాలు పడటం సహజం. అందుకే జవాబుపత్రంలో ‘వచ్చినాడు’ కనిపించగానే ఉపాధ్యాయులు ఎర్రసిరాతో కొట్టివేయవద్దు. ‘అతను తీయలేదు’ అనవలసిన చోట ‘తీయలేడు’ అని రాసినప్పుడు మాత్రం తప్పక దిద్దాలి.