హోప్‌లో ఒక గంట

కెనడాకు వచ్చిన కొత్తలో మ్యాపులో హోప్ అనే పేరు చూసి ముచ్చటపడ్డాను. ఊరికి ‘ఆశ’ అని పేరు పెట్టుకున్నవాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. సరిగ్గా ఆ ఊళ్ళోనే నా ధైర్యం అడుగంటుతుందని అప్పుడు తెలియదు.

2023 డిసెంబరులో, తెనాలి నుంచి వచ్చిన అమ్మనూ పిల్లలనూ ఎక్కించుకుని సర్రీ నుంచి కెలోనాకు మా కరెంటు కారులో బయల్దేరాం. పూర్తి చార్జితో 400 కిలోమీటర్లు వెళ్తుందని కంపెనీవారి లెక్క. 85 శాతంతో బయల్దేరితే, 120 కిలోమీటర్ల దూరంలోని హోప్ చేరేసరికి మిగిలింది 42 శాతమే!

కారణం చలి. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. పెట్రోలు కారుకైతే ఇంజను వేడే హీటరుకు సరిపోతుంది. మన కారులో అదీ బ్యాటరీ నుంచే రావాలి. 2025 ఫిబ్రవరిలో కెనడా ఆటోమొబైల్ సంఘం (సి.ఎ.ఎ.) ఒట్టావా నుంచి మోంట్ ట్రాంబ్లాంట్ దారిలో కార్లు నడిపి చూస్తే, చెప్పిన దూరంలో 14 నుంచి 39 శాతం దాకా తగ్గిందట.

హోప్ దాటాక కొకిహల్లా హైవే మీద మెరిట్ దాకా మరో 120 కిలోమీటర్లు, అదీ 1,244 మీటర్ల ఎత్తున్న కనుమ మీదుగా. రెండు టన్నుల కారును 1,200 మీటర్లు పైకెక్కించడానికే దాదాపు 6.5 యూనిట్ల కరెంటు కావాలి. కాబట్టి హోప్‌లో చార్జి చేసుకోక తప్పదు.

నాకు తెలిసిన స్టేషన్‌లో ఉన్నవి రెండే మెషిన్లు. ఒకదాని తెర నల్లగా ఉంది. రెండోదానికి ఒక కారు, దాని వెనుక మరో రెండు. “ఏరా, మన చలివేంద్రంలో కుండ పగిలితే సాయంత్రానికి ఇంకోటి పెట్టేవాళ్ళు కదా, ఇక్కడ ఎవరూ చూడరా?” అంది అమ్మ, శాలువా బిగించుకుంటూ. నా దగ్గర జవాబు లేదు.

గంట గడిచాక, వరుసలోని ఒక పెద్దాయన అద్దం తట్టి, “ఊళ్ళో వేరే కంపెనీవి కూడా ఉన్నాయి, చూడలేదా?” అన్నారు. నా ఫోనులో ఉన్నది ఒకే కంపెనీ యాప్ మరి! కొద్ది నిమిషాల్లో అక్కడికి చేరితే మెషిన్లు ఖాళీగా ఉన్నాయి.

ఆ రోజు నేర్చుకున్నదాన్ని ఇప్పుడు ప్రతి ప్రయాణంలోనూ పాటిస్తున్నాను. చిన్న ఊళ్ళో ఒకే స్టేషన్‌ను నమ్ముకుని వెళ్ళను. రెండోది ఎక్కడుందో ముందే చూసుకుంటాను. చలికాలంలో 30 శాతం మిగిలేలా లెక్క వేసుకుంటాను. కారు నావిగేషన్‌లో చార్జరునే గమ్యంగా పెడితే చాలా కార్లు దారిలోనే బ్యాటరీని వేడిచేసుకుంటాయి, చార్జి త్వరగా ఎక్కుతుంది. 80 శాతం దాటాక వేగం బాగా పడిపోతుంది కనుక, వెనుక ఎవరైనా ఉంటే తీసేస్తాను. లైబ్రరీలు, మోటెళ్ళ ముందుండే లెవెల్ 2 చార్జర్లు గంటకు సుమారు 40 కిలోమీటర్లకు సరిపడా ఇస్తాయి. రాత్రి బసకు మంచివి, దారి మధ్యలో కాదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. 2023లో మెజర్‌మెంట్ కెనడా అనుమతించాక, ఫాస్ట్ చార్జర్ల దగ్గర నిమిషాలకు బదులు యూనిట్లకు డబ్బు తీసుకునే వీలు కలిగింది. చలిలో మెల్లగా ఎక్కే చార్జికి ఎక్కువ చెల్లించే బాధ అలా తగ్గింది. 2024 నుంచి టెస్లావారి చార్జర్లలో చాలావాటిని ఇతర కార్లూ వాడుకుంటున్నాయి.

అయినా అమ్మ ప్రశ్న అలాగే ఉంది. స్టేషన్ ప్రారంభించడం ఒక ఎత్తు, రోజూ పనిచేసేలా చూడడం ఒక ఎత్తు. సుమారు 6,700 మంది ఉండే ఊరు, కనుమ ఎక్కే కార్లకు ఆసరా అవుతోంది. చెడిపోయిన మెషిన్ కనబడితే విసుక్కుని వెళ్ళిపోకండి; దాని మీదున్న నంబరుకు ఫోను చేయండి. మీ వెనుక వచ్చే కారులోనూ ఎవరి అమ్మో ఉండవచ్చు.