నొప్పి యెఱుగని పాదము

మధుమేహ రోగి యరికాలిలో పుండు పడినంతనే ఏ లేపనము పూయుదుమా, ఏ కట్టు కట్టుదుమా యని ఇంటిల్లిపాదియు ఆరాటపడుదురే గాని, బొటనవ్రేలి మూలమునందో, మడమయందో, దేహభారము మోపుకొను చోటనే అది యేల పుట్టెనని విచారించువారు అరుదు.

ఆ విచారణకు దారి చూపినది కుష్ఠవైద్యము. చిత్తూరునకు చేరువనున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు, కుష్ఠరోగుల పాదములు వ్యాధిబలముచేతనే కుళ్ళిపోవునన్న నాటి నమ్మకమును పరీక్షకు పెట్టి, స్పర్శ నశించిన పాదమును రోగి తానెఱుగకయే నడిచి నడిచి చెఱుపుకొనుచున్నాడని గ్రహించెను. 1966లో ఆయన అమెరికాయందలి కార్విల్ కుష్ఠవైద్యశాలకు వెడలిన పిమ్మట ఆ యెఱుక మధుమేహ రోగులకును ఉపకరించెను.

చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నుండినచో కాలి నాడులు మొద్దుబాఱును; తిమ్మిరులు, మంటలు కొంతకాలము వేధించి, తుదకు బాధయే లేకుండ పోగా, రోగి దానిని స్వస్థతగా భ్రమించును. ఒత్తిడి తగులు చోట ఆనెకాయ గట్టిపడి, దాని యడుగున మెత్తని కండ నలిగి, పైకి చర్మము చెక్కుచెదరనట్లు కానవచ్చుచుండగనే లోపల గుంట పడును. అట్టి ఆనెను ఇంట బ్లేడుతో కోసికొనుట గాని, మిట్టమధ్యాహ్నము గుడి బండలపై వట్టికాళ్ళతో ప్రదక్షిణము చేయుట గాని మిక్కిలి ప్రమాదము.

వైద్యుడు ఆనెను, చచ్చిన కండను కోసివేసి, పుండు ఎముకదాక పోయినదేమో పరీక్షించి, పాదమున నాడి చూచును. రక్తప్రసారము చాలనిచో దానిని చక్కబఱుపక పుండు మానుట దుర్లభము. యాంటీబయాటిక్కులు పుండు చీముపట్టినపుడే అక్కఱకు వచ్చును. ఇన్ని జరిగినను ఆ పాదముపై నడక మానకున్న ఫలము శూన్యము. కావుననే మోకాలి దిగువనుండి పాదము నంటిపెట్టుకొని భారమును కాలంతటికి పంచు సిమెంటు కట్టు వేయుదురు. రోగి దానిని విప్పలేకపోవుటయే దాని ముఖ్యగుణమని నా నమ్మకము. విప్పదగు బూటు నిచ్చినచో, నొప్పి లేదు గనుక, స్నానాలగదికే గదా యని వట్టికాలితోనే వెళ్ళును. తీవ్రముగా చీముపట్టిన పాదమునకు, రక్తప్రసారము మిక్కిలి క్షీణించిన పాదమునకు మాత్రము ఈ కట్టు తగదు.

మానిన పుండు నూటికి ఇంచుమించు 40 మందికి ఏడాది తిరుగకముందే మరల పడుచున్నది. అందుచేత మెత్తని ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు ఇంటిలోపల గూడ తొడుగుకొనవలెను. ప్రతిరాత్రియు అరికాలిని అద్దమున చూచుకొనవలెను, చూపు మందగించినవారికి ఇంటివారు చూచి చెప్పవలెను. పుండు లేకయే ఒక పాదము ఎఱ్ఱబాఱి, వేడెక్కి, వాచినచో బెణుకని తలంపక ఆనాడే వైద్యుని చేరవలెను. లోపల ఎముకలు విఱుగుచుండవచ్చును.